కౌలు 12 బస్తాల నుంచి 14కి పెంచితే ఎంత శాతం పెంచినట్టు?

డెల్టా అమ్మాయి (ప్రశ్న)

అందరికీ నమస్తే. మాది పశ్చిమ గోదావరిలో కాలువ కింద ఊరు. నాన్న 3 ఎకరాలు కౌలుకి చేస్తున్నారు. పోయిన సార్వాకి (ఖరీఫ్ పంటకి) ఎకరానికి 12 బస్తాలు ఇచ్చాం. ఈసారి ఆసామి గారు (పొలం యజమాని) 14 అడుగుతున్నారు. "మద్దతు ధర పెంచారు కదా, మరి నేనూ పెంచాలిగా" అని ఆయన మాట.

ధర ఎంత పెరిగిందో అందరికీ తెలిసిందే. సాధారణ రకం ధాన్యం క్వింటాలుకి 2024-25లో 2300 రూపాయలు, 2025-26కి 2369. మా వైపు క్వింటాళ్లలో ఎవరూ మాట్లాడరు, 75 కిలోల బస్తాయే లెక్క. అలా చూస్తే బస్తా 1725 నుంచి 1776.75కి వచ్చింది.

ఆదివారం నాన్నా నేనూ వెళ్లి మాట్లాడాలి. నాన్న ఎన్ని బస్తాలకి ఎంతో నోటిమీదే చెప్పేస్తారు. శాతాల మాట వచ్చేసరికి మాత్రం ఎదుటివాళ్లు చెప్పింది విని ఊరుకుంటారు. ఆసామి గారి అబ్బాయి ఫోన్లో ఏదో కట్టి "14 శాతమే కదండీ పెంచింది" అన్నాడు. మా అన్నయ్య కడితే 16.67 వస్తోంది. ధర దగ్గరా ఇదే గొడవ. ఒకరు 69 రూపాయలు పెరిగిందంటారు, ఇంకొకరు 52 అంటారు. ఎవరి లెక్క సరైనదో, ఎందుకు సరైనదో వివరంగా చెప్పండి. అక్కడ నాన్న పక్కన కూర్చుని నేనే మాట్లాడాలి, తడబడకూడదు.

బ్యాంకు కౌంటరు

మీ అన్నయ్య లెక్కే కరెక్టమ్మా. కొత్తదాంట్లోంచి పాతది తీసేయండి, వచ్చినదాన్ని పాతదాంతో భాగించి 100తో గుణించండి. 14లోంచి 12 తీస్తే 2. 2ని 12తో భాగిస్తే 0.1667, అంటే 16.67 శాతం. ఆ అబ్బాయి 2ని 14తో భాగించాడు, అందుకే 14.29 వచ్చింది. పెరిగింది పాతదాని మీద కాబట్టి భాగించాల్సింది పాతదాంతోనే.

ఎక్సెల్‌లో అయితే పాతది ఎ2లో, కొత్తది బి2లో పెట్టుకుని, బి2లోంచి ఎ2 తీసేసి ఎ2తో భాగించమని ఫార్ములా ఇవ్వండి. ఆ గడికి పర్సంటేజ్ ఫార్మాట్ పెడితే 100తో గుణించే పని కూడా ఉండదు.

ఇంకొకటి. ఊళ్లో అప్పుల దగ్గర కూడా ఇలాగే మోసపోతుంటారు. నూటికి రూపాయిన్నర వడ్డీ రెండు రూపాయలైతే "అర్ధరూపాయే కదా" అంటారు. నెలకి నూటికి రూపాయిన్నర అంటే ఏడాదికి 18 శాతం, రెండంటే 24. మీరు కట్టే వడ్డీ మూడో వంతు పెరిగినట్టు, అంటే 33.33 శాతం. లక్ష మీద ఏడాదికి 18,000 కట్టే మనిషి 24,000 కట్టాలి. పెట్టుబడికి అప్పు తెచ్చి ఉంటే అదీ లెక్కలోకి తీసుకోండి.

లెక్కల మాస్టారు

అమ్మాయ్, నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మాదీ కాలువ కింద ఊరే. నీ ప్రశ్న చదివాక కాగితం తీసుకుని కూర్చున్నాను. పైన బ్యాంకు వారు చెప్పింది సరైనదే. నీ సంగతి మాత్రం 16.67 దగ్గర ఆగేది కాదు.

ముందు 69, 52 గొడవ తేల్చేద్దాం. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. క్వింటాలుకి 69 పెరిగితే 75 కిలోల బస్తాకి 51.75 పెరుగుతుంది. 69ని 2300తో భాగించు, 3 శాతం. 51.75ని 1725తో భాగించు, అదీ 3 శాతమే. కొలత ఏదైనా శాతం మారదు. రూపాయల్లో వాదించుకునే ఇద్దర్ని ఒక దారికి తెచ్చేది ఇదే. ధర పెరిగింది 3 శాతం, అంతే.

ఇప్పుడు అసలు విషయం. ఆసామి గారు "ధర పెరిగింది కాబట్టి కౌలు పెంచుతున్నాను" అన్నారు. కౌలు డబ్బు రూపంలో ఉండి ఉంటే ఆ మాటకి అర్థం ఉండేది. మీరు ఇచ్చేది ధాన్యం. పోయినేడు ఆయనకి ఎకరానికి ముట్టింది 12 బస్తాలు, 1725 చొప్పున 20,700 రూపాయలు. ఈ ఏడు కూడా అవే 12 బస్తాలు ఇచ్చారనుకో, 1776.75 చొప్పున 21,321 అవుతుంది. అంటే ఆయన నోరు తెరిచి అడక్కుండానే 621 రూపాయలు, సరిగ్గా 3 శాతం, ఆయన ఇంటికి వెళ్లిపోయింది. బస్తాల్లో కౌలు ఉన్నప్పుడు ధర పెరుగుదల దానంతటదే ఆసామికి చేరుతుంది. దాని మీద మళ్లీ బస్తాలు పెంచితే ఒకే కారణం చెప్పి రెండుసార్లు పెంచినట్టు. ఆదివారం అన్నిటికంటే ముందు చెప్పాల్సిన మాట ఇది. మర్యాదగా, కాగితం మీద అంకెలు చూపించి మరీ చెప్పు.

14 బస్తాలైతే ఆయనకి ముట్టేది 24,874.50. పోయినేటి 20,700 మీద 4,174.50 ఎక్కువ. అంటే 20.17 శాతం. చాలామంది బస్తాల్లో 16.67, ధరలో 3, రెండూ కలిపి 19.67 అనేస్తారు. అలా కలపకూడదు. పెరిగిన ఆ 2 బస్తాలకీ కొత్త ధరే పడుతుంది కదా, అందుకని 1.1667ని 1.03తో గుణించాలి. ఇక్కడ తేడా అర శాతమే. అంకెలు పెద్దవైతే చాలా దూరం పోతుంది.

ఇక మీ వైపు చూడు. మీకు ఎకరానికి ఎంత పండుతుంది? సార్వాలో 30 బస్తాలు అనుకుంటాను. కౌలు పోను పోయినేడు 18 మిగిలాయి, ఈసారి 16 మిగులుతాయి. అవే 2 బస్తాలు. ఆయన 12 మీద చూస్తే 16.67 శాతం పెరుగుదల, మీ 18 మీద చూస్తే 11.11 శాతం తగ్గుదల. ఎవరైనా శాతం చెప్పగానే "దేని మీద?" అని అడుగు. నలభై మంది పిల్లలున్న క్లాసులో నేను అన్నిటికంటే ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న అదే.

ఎకరం ఖర్చు ఎంతో చెప్పు. దున్నకం, ఊడ్పు, ఎరువులు, పురుగుమందులు, కోత మిషను, అన్నీ కలిపి. మీ ఇంట్లో వాళ్ల కూలి ఇందులో వెయ్యకు.

డెల్టా అమ్మాయి

మాస్టారూ, మీరు రాసింది నాన్నకి చదివి వినిపించాను. బస్తాల్లో ఉంటే ధర పెరుగుదల ముందే వెళ్లిపోతుందన్న మాట దగ్గర మళ్లీ చదవమన్నారు.

దిగుబడి మీరు అనుకున్నట్టే, గాలివాన కొట్టకపోతే 30. ఖర్చు పోయిన సార్వాకి ఎకరానికి 26,000 అయింది. నాన్న అన్నీ చిన్న నోటుబుక్కులో రాసుకుంటారు, అందులోంచే చెబుతున్నాను. మా అందరి కూలి అందులో లేదు. గడ్డి మాకే ఉంటుంది, దాన్నీ కలపలేదు, గేదెలకే సరిపోతుంది.

లెక్కల మాస్టారు

అయితే ఇది చూడు. పోయినేడు మీకు మిగిలిన 18 బస్తాలు 1725 చొప్పున 31,050. ఖర్చు 26,000 పోను ఎకరానికి 5,050.

ఈసారి ఖర్చు పెరగలేదనే అనుకుందాం. 14 బస్తాల కౌలు ఇస్తే మిగిలిన 16 బస్తాలకి 28,428. ఖర్చు పోను 2,428. 5,050 నుంచి 2,428కి. తగ్గింది 2,622, అంటే 51.9 శాతం. ధర పెరిగిన ఏడాదిలో మీ మిగులు సగానికి సగం పైన పోయింది.

12 బస్తాలకే ఉంటే? 18 బస్తాలకి 31,981.50. ఖర్చు పోను 5,981.50. మిగులు 18.4 శాతం పెరిగింది.

ధర 3 శాతమే కదిలింది, మీ మిగులు 18 శాతం ఎలా కదిలిందని ఎవరైనా అడిగితే తత్తరపడకు. పెరిగిన 931.50 అంతా ఖర్చు తీసేశాక మిగిలే చిన్న మొత్తం మీద పడుతుంది. 31,050 మీద అది 3 శాతం. 5,050 మీద 18.4 శాతం. మిగులు ఎంత పలచగా ఉంటే అది అంత ఎక్కువ ఊగుతుంది. కౌలుదారుకి ప్రతి బస్తా ఎందుకంత ముఖ్యమో ఇందులోనే ఉంది. 2 బస్తాలు ఆసామి గారి ఆదాయంలో ఆరో వంతు పెంచుతాయి, మీ ఇంటి మిగులులో సగం పట్టుకుపోతాయి.

ఒక జాగ్రత్త. పోయిన పంటలో నష్టం వచ్చి ఉంటే ఈ పద్ధతి పనికిరాదు. ఒక దాళ్వాలో (రబీ పంటలో) 1,500 నష్టం, తర్వాతి దాళ్వాలో 2,000 లాభం అనుకో. దాన్ని శాతంలో చెప్పలేం, మైనస్‌తో భాగిస్తే వచ్చే అంకెకి అర్థం ఉండదు. పాతది సున్నా అయినా అంతే. అలాంటప్పుడు "3,500 మెరుగైంది" అని రూపాయల్లోనే చెప్పాలి.

కాంటా కాడ

మాది నల్లగొండ దిక్కు. చెల్లే, సార్ చెప్పిన లెక్క మస్తుంది. గానీ ధర 3 శాతం పెరిగిందని మీరందరూ పట్టుకున్నరు కదా, చేతికి వచ్చినంకనే అది పెరిగినట్టు. మా దగ్గర వడ్లు 40 కిలోల బస్తాల్లో తూస్తరు. తరుగు పేరు మీద ఎక్కువ తూచుకుని 40 అనే రాసుకుంటరు. ఏ కొనుగోలు సెంటరనేది నేను చెప్పను, అన్ని చోట్లా ఒకే తీరు ఉండదు.

పోయినేడు బస్తాకు కిలో తరుగు తీసిండ్రు అనుకో. 41 కిలోలు ఇచ్చి 40 కిలోల పైసలు తీసుకున్నవు. 2300ను 40తో గుణించి 41తో భాగించు. నీకు క్వింటాలుకు నిజంగా పడ్డది 2243.90. ఈ ఏడు 2 కిలోలు తీసిండ్రు. 2369ని 40తో గుణించి 42తో భాగిస్తే 2256.19. పెరిగింది 12 రూపాయల చిల్లర, అంటే 0.55 శాతం. ప్రకటించింది 3, రైతు జేబులోకి వచ్చింది అర శాతం. ఒక్క కిలో తేడా అది. కాంటా కాడ నిలబడి చూసుకోవాలె, నేను ప్రతి సీజన్ల అదే చేస్త.

తేమ లెక్క కూడా చాలామంది తప్పు కడతరు. 17 శాతం లోపు ఉండాలె అంటరు. మన వడ్లు 20 ఉన్నయనుకో, "3 శాతం ఆరబెడితే క్వింటాలుకు 3 కిలోలు తగ్గుతయి" అనుకుంటరు. తగ్గేది 3.6 కిలోలు. 100 కిలోల్ల 20 కిలోలు నీళ్లు, 80 కిలోలు గింజ. ఆరినంక కూడా ఆ 80 అట్లనే ఉంటది, కానీ ఇప్పుడు అది 83 శాతం కావాలె. 80ని 0.83తో భాగిస్తే 96.4. ఆసామికి బస్తాలు కొలిచి ఇచ్చేటప్పుడు పచ్చి వడ్లా ఎండినయా అన్నది ముందే మాట్లాడుకో చెల్లే. 14 బస్తాల మీద అర బస్తా తేడా వస్తది.

డెల్టా అమ్మాయి

అన్నా, ఈ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. మా దగ్గర ఆరబెట్టినవే కొలుస్తారు, కానీ ఎంత తేమ దగ్గర అన్నది ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఆదివారం అదీ అడుగుతాను.

మాస్టారూ, ఇంకో రెండు. నాన్న ఈ చేను 2013 సార్వాకి మొదలుపెట్టారు. అప్పుడు కౌలు 9 బస్తాలు. ఆ ఏడాది మద్దతు ధర క్వింటాలు 1310 అని నోటుబుక్కులో ఉంది. ఆసామి గారు "పన్నెండేళ్లలో నేను పెంచింది 3 బస్తాలే" అంటున్నారు. దానికి ఏం చెప్పాలి?

రెండోది, ఈరోజు పొద్దున ఆయన మనిషిని పంపి, 13కి ఒప్పుకుంటానని కబురు చేశారు. నాన్న మెత్తబడుతున్నారు. 13 అయితే మా పరిస్థితి ఏమిటో కట్టి చెప్పరా?

లెక్కల మాస్టారు

కడతానమ్మా, ఇవి నిజంగా కట్టాల్సిన లెక్కలే.

పన్నెండేళ్ల సంగతి ముందు. 9 నుంచి 12కి పెరిగింది 3 బస్తాలు, అది 33.33 శాతం. ధర 1310 నుంచి 2369కి, అంటే 1059 పెరిగింది, 80.84 శాతం. రెండూ కలిపి 114 అనకు. అప్పటి 9 బస్తాల విలువ, బస్తా 982.50 చొప్పున 8,842.50. ఇప్పటి 12 బస్తాల విలువ 21,321. పెరిగింది 12,478.50, అంటే 141 శాతం. అర శాతం తేడా అని మొన్న నేను రాసింది ఇక్కడ 27 శాతం అయింది చూడు. ఎందుకు గుణించాలో అడిగినవాళ్లకి ఈ ఉదాహరణ ఇవ్వు. ఆయన 3 బస్తాలే పెంచిన మాట నిజం, దాన్ని కాదనకు. ఆ 12 బస్తాలు ఇప్పుడు తెచ్చే డబ్బు అప్పటికంటే రెండింతలు దాటిందన్నదీ నిజం. రెండూ పక్కపక్కన పెట్టు.

ధర ఏడాదికి సగటున ఎంత పెరిగిందని కూడా అడగొచ్చు. 80.84ని 12తో భాగించి 6.74 అనేస్తారు, అది తప్పు. ప్రతి ఏడాది పెరుగుదలా అంతకుముందు ఏడాది ధర మీద పడుతుంది కాబట్టి సరైన సగటు 5.06 శాతం. 1310ని 1.0506తో పన్నెండుసార్లు గుణించి చూసుకో, 2369 దగ్గరికే వస్తుంది. అది సగటు మాత్రమే, అన్నేళ్లూ ఒక్కలా పెరగలేదు. 2018-19లో 1550 నుంచి 1750కి వెళ్లింది, దాదాపు 12.9 శాతం. ఈ ఏడాది 3. కౌలు ఏడాది ఏడాదికి మాట్లాడుకునేవాళ్లకి సగటు కంటే ఆ ఏటి అంకె ముఖ్యం.

ఇప్పుడు 13. ఆసామి గారికి 23,097.75, పోయినేటి మీద 11.58 శాతం ఎక్కువ. మీకు మిగిలే 17 బస్తాలకి 30,204.75, ఖర్చు పోను 4,204.75. మీ 5,050 నుంచి 845 తగ్గింది, 16.7 శాతం. 14 నుంచి 13కి దిగారు కాబట్టి ఆయన తగ్గినట్టు కనబడుతుంది. పోల్చాల్సింది ఆయన అడిగిన 14తో కాదు, మీరు నిరుడు ఇచ్చిన 12తో. నాన్నకి ఈ ఒక్క మాట నిదానంగా చెప్పు.

మీరు నిరుడు ఉన్నచోటే ఉండాలంటే ఎంత ఇవ్వొచ్చు? మీ వాటా బస్తాల విలువ 31,050కి తగ్గకూడదు. దాన్ని 1776.75తో భాగిస్తే 17.48 బస్తాలు. 30లోంచి తీసేస్తే 12.52. అంటే 12 బస్తాల మీద 39 కిలోలు, మాటల్లో చెప్పాలంటే పన్నెండున్నర బస్తాలు. ఆ పన్నెండున్నర దగ్గర ఆయనకి 22,209 ముడుతుంది, నిరుటి మీద 7.29 శాతం ఎక్కువ. మీ మిగులు ఉన్నచోటే ఉంటుంది. ధర పెరిగింది 3 శాతం, ఆయనకి చేరింది 7 పైన, మీకు సున్నా. ఇంతకంటే పైకి ఎందుకు వెళ్లలేమో ఆయనకి కాగితం మీద చూపించొచ్చు, మాట తూలాల్సిన పనే ఉండదు.

ఇదంతా ఖర్చు 26,000 దగ్గరే ఆగితే. ధర వల్ల మీకు కలిసొచ్చింది 931.50 మాత్రమే, అది 26,000 మీద 3.58 శాతం. ఎరువులో, కోత మిషనో, కూలో కలిపి ఖర్చు అంతమేర పెరిగితే 12 బస్తాల దగ్గర కూడా మీకు నిరుటి మిగులే ఉంటుంది, పైకి జరిగే జాగా ఉండదు. కాబట్టి ఆదివారం వెళ్లే ముందు నాన్న నోటుబుక్కులోంచి నిరుటి రేట్లు ఒక వరసలో రాయి: దున్నకం గంటకి ఎంత, ఊడ్పు ఎకరానికి ఎంత, కోత మిషను గంటకి ఎంత. పక్క వరసలో ఈ ఏటి రేట్లు కనుక్కుని రాయి. మొత్తం 26,000 దగ్గరే ఆగితే పన్నెండున్నర దాకా మాట్లాడండి, 26,900 దాకా వెళ్తే 12 దాటొద్దు, మధ్యలో ఉంటే ఆ రెండింటి మధ్య. తేమ 17 దగ్గర కొలుస్తామని కూడా అదే కాగితం మీద రాసుకోండి.